రోకలిబండ చుట్టుకోవడం నేర్చిన రోజు

ఒకప్పుడు రోకలిబండకి చుట్టుకోవడం తెలియదు. అదేనర్రా, తొలకరి పడగానే తడి నేలమీద నల్లగా నిగనిగలాడుతూ వంద కాళ్ళతో పాకుతుందే, ఆ పురుగు. ఆ రోజుల్లో అది ఎప్పుడు చూసినా పుల్లలాగా ఒళ్ళు చాపుకునే ఉండేది.

మనకి భయమేస్తే కాళ్ళూ చేతులూ ఆడవు. రోకలిబండకి అలా కాదు, భయమేస్తే కాళ్ళన్నీ ఒక్కసారే ఆడేవి. ముందుకాళ్ళు "పద, పద" అనేవి. వెనకకాళ్ళు "వెనక్కి, వెనక్కి" అనేవి. మధ్యవాటికి ఏం తోచక ఒకదాన్నొకటి తొక్కుకునేవి. అన్ని కాళ్ళుండీ ఒక్క అడుగూ పడేది కాదు.

నూకాలు అనే రోకలిబండ పెనిమిటి సింహాద్రి అలాగే పోయాడు. గండుచీమల దండు వచ్చిన రోజు అతని కాళ్ళు సగం తూర్పుకి, సగం పడమరకి లాగాయి. పాపం, ఉన్నచోటే ఉండిపోయాడు. చీమలు తీరిగ్గా పొట్టకింద మెత్తని చోటు వెతుక్కుని పని కానిచ్చాయి. నూకాలు రాతిసందులోంచి అంతా చూసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆమె పుచ్చిన దుంగ కింద ఏడు గుడ్లు పెట్టింది. ఆకు కదిలితే చాలు, సింహాద్రి గుర్తొచ్చేవాడు. కాళ్ళు తన్నులాట మొదలెట్టేవి.

అదే దుంగ పక్కన ఒక ముసలి నత్త ఉండేది.

"ఏటే నూకాలూ, గాలేస్తేనే ఇలాగైపోతే చీమలొచ్చిన్నాడు ఏటి సేస్తావు?" అని అడిగింది.

"నీకేటి మామ్మా, బయమేస్తే గుల్లలోకి దూరిపోతావు. నాకిల్లేదీ?"

"ఒళ్ళు నేదా? అదే ఇల్లు. తల పొట్టకేసి ఒంచు. కాళ్ళన్నీ లోపలికి లాక్కో. కాలిమీద కాలెట్టి గట్టిగా నొక్కి పట్టుకో. ఊపిరి మెల్లగా ఒగ్గు. కాళ్ళకి బుద్ధి సెప్పకు, ఆ యేళప్పుడు అవి ఇనవు. పట్టుకో, అంతే."

"పట్టుకుంటే చీమలు పోతాయా?"

"పోవు," అంది నత్త. "నువ్వుంటావు."

నూకాలుకి ఆ మాట రుచించలేదు. అయినా రోజూ ఎండెక్కే వేళకి ఒకసారి ఒంగి చూసేది. మొదట్లో నడుం పట్టేసేది. వెనకకాళ్ళు సగంలోనే జారిపోయేవి. నత్త చూసి నవ్వేది.

పదోనాడు మిట్టమధ్యాహ్నం చీమలు వచ్చాయి. దుంగ కింద నేలంతా నల్లగా కదిలింది. నూకాలు పైప్రాణాలు పైనే పోయాయి. కాళ్ళు అప్పుడే గొడవకి దిగాయి. "పారిపోదాం" అని ముందువి, "గుడ్లో?" అని వెనకవి.

ఆమె వాటికి జవాబు చెప్పలేదు. గుడ్ల చుట్టూ ఒళ్ళు తిప్పి, తల పొట్టకి ఒంచింది. ఒక్కో కాలూ గిలగిలలాడుతూనే పక్క కాలిని పట్టుకుంది. పైన గట్టి పెంకే మిగిలింది, చీమ పన్ను దిగే చోటు లేదు.

కానీ రెండు గుడ్లు చుట్ట బయటే ఉండిపోయాయి. ఆ తొందరలో ఆమె ఒళ్ళు అంతవరకే చాలింది.

చీమలు వాటిని దొర్లించుకుపోతున్న చప్పుడు నూకాలుకి వినిపించింది. తల్లి కదా, విప్పుకుని వెంటపడాలని ప్రాణం కొట్టుకులాడింది. విప్పితే మిగిలిన ఐదూ పోతాయి. ఏడుస్తూనే పట్టుకుంది. ఊపిరి వదిలింది, పీల్చింది, మళ్ళీ మెల్లగా వదిలింది. చీమలు పెంకు మీద చాలాసేపు కొరికి, చివరికి విసుగెత్తి వెళ్ళిపోయాయి.

చప్పుడు ఆగాక కూడా ఆమె వెంటనే లేవలేదు. ముందు ఒక్క కాలు బయటపెట్టి నేలని తాకి చూసింది. తర్వాత ఇంకొకటి. లోపల ఐదు గుడ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బయట తడి మట్టిలో రెండు చిన్న గుంటలు మిగిలాయి.

పిల్లలు పుట్టాక నూకాలు వాటికి నడక కంటే ముందు చుట్టుకోవడం నేర్పింది. "మేం ఎంతమందిమే అమ్మా?" అని అడిగితే మాత్రం "ఏడుగురు" అనే చెప్పేది.

అప్పటినుంచే రోకలిబండ ముట్టుకోగానే చుట్టుకుంటుంది. మీరేమో పుల్లతో పొడిచి నవ్వుతారు. పొడవకండర్రా. కాసేపు పక్కన కూర్చుని చూడండి. చీమలు వెళ్ళాయో లేదోనని, ముందు ఒక్క కాలు బయటికొచ్చి నేలని తాకి చూస్తుంది.