ఉమ్మెత్తకాయ ముళ్ళు తెచ్చుకున్న వైనం

ఒకప్పుడు ఉమ్మెత్తకాయ వంకాయలా నున్నగా ఉండేది. అదే కొంప ముంచింది.

ఉమ్మెత్త మొక్కకు తన సంగతి తెలుసు. కాయ నిండా విషం. అందుకే ఎవరొచ్చినా ముందే కేకేసేది: "నన్ను ముట్టుకోకండి, నేను కూరకు పనికిరాను!" అప్పట్లో మొక్కలు మాట్లాడేవి. వినే తీరికే ఎవరికీ ఉండేది కాదు.

తొలకరి పడగానే ఆడవాళ్ళు గుంపుగా బీడు మీదికి వచ్చేవారు, అడవి కూరలు కోసుకోవడానికి. చేతులు మొక్కల మీద, కళ్ళు పక్కావిడ మొహం మీద. నున్నగా ఏది తగిలితే అది ఒళ్ళో పడేది.

ఆ రోజు సన్యాసమ్మ చెయ్యి ఉమ్మెత్త మీద పడింది.

"ఏమ్మా, చూసి కొయ్యి! నేను వంకాయను కాను!"

"ఉండవే, మా వదిన పెళ్ళికబురు చెబుతోంది," అంటూ సన్యాసమ్మ కాయలన్నీ టపటపా తెంపేసింది.

"తింటే పిచ్చెక్కుతుంది!"

"ఆఁ ఆఁ, తర్వాత చెప్పు."

కూర తిన్న కాసేపటికే సన్యాసమ్మ మొగుడు గేదెకు దండాలు పెట్టడం మొదలుపెట్టాడు. చూసినవాళ్ళు నవ్వారు. సన్యాసమ్మ చిన్నకూతురు బంగారిని చూశాక ఎవరికీ నవ్వు రాలేదు. ఒళ్ళు కాలిపోతోంది. తల్లినే గుర్తుపట్టడం లేదు. గాలిలో ఏవో ఏరుకుంటోంది. మర్నాడు మధ్యాహ్నానికి గానీ పిల్ల "అమ్మా" అనలేదు.

పిల్ల గండం గట్టెక్కగానే సన్యాసమ్మ బీడు మీదికి ఊగిపోతూ వచ్చింది.

"ముందే చెప్పొద్దుటే, పాపిష్టిదానా?"

"గొంతు పోయేలా చెప్పాను కదే తల్లీ!"

"ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది!"

ఉమ్మెత్తకు ఒళ్ళు మండిపోయింది. సన్యాసమ్మ వెళ్ళగానే నేలతల్లిని పిలిచింది.

"వీళ్ళకు చెవులు దండగ. ఇక చేతులకే చెబుతాను. నా కాయకు ముళ్ళియ్యి."

"బాగా ఆలోచించుకో. ఇక నిన్నెవరూ ముద్దుగా నిమరరు," అంది నేలతల్లి.

"నిమిరేవాళ్ళ సంబడం చూశాంగా!"

మళ్ళీ తొలకరి వచ్చింది. సన్యాసమ్మ వదినతో ఏదో చెబుతూనే చెయ్యి చాపింది.

"అబ్బా!" అని వెనక్కి లాక్కుని, మొదటిసారి ఉమ్మెత్త వైపు కళ్ళు పెట్టి చూసింది. "ఇన్ని ముళ్ళా? కాసిని తగ్గించుకోకూడదుటే?"

"ఒక్కటి కూడా తగ్గించను," అంది ఉమ్మెత్త.

అదే దాని ఆఖరి మాట. అప్పటినుంచే ఉమ్మెత్త నోరు విప్పడం మానేసింది, దాని కాయకు ఒళ్ళంతా ముళ్ళే.