ఈరమ్మ ముద్ద

మాఘమాసం, ఆదివారం, ఎండ సరిగ్గా నడినెత్తికి వచ్చిన వేళ. అంతవరకే మా ఇంట్లో గుర్తుంది. ఏ ఏడాదో చెప్పేవాళ్ళు మిగల్లేదు.

మా కుమ్మరింట్లో చెన్నప్ప అని ఒకాయన ఉండేవాడట. ఆయన అక్క ఈరమ్మ. పెనిమిటి పోయాడు, పిల్లల్లేరు, తమ్ముడి పంచన చేరింది. ఊరవతల గుంటలో గట్టు కింద దొలిచి మట్టి తేవడం ఆమె పని. అందరూ తిన్నాక తినేది, అందరికన్నా ముందు లేచేది.

ఒకనాడు కొండ దిగి వచ్చిన వేటగాడు నీళ్ళకుండ తీసుకుని, బదులుగా ఒక కుక్కపిల్లను ఇచ్చాడు. నుదుట తెల్లమచ్చ ఉందని చుక్క అన్నారు. సన్నని నడుము, పొడుగు కాళ్ళు, వేటజాతి. కుందేళ్ళ వెంట ఉరకాల్సింది పచ్చికుండల మధ్య పెరిగింది. ఇంక చెప్పేదేముంది? ఉడతను చూసి ఉరికి కుండలు సొట్టలు చేసింది. కాకిని చూసి ఉరికి మూకుళ్ళు తొక్కింది. చెన్నప్ప తాడు తీసినప్పుడల్లా ఈరమ్మ మెల్లగా ఒకే మాట అనేది.

"కాళ్ళిచ్చిన దేవుడు దారి కూడా ఇచ్చాడు. కట్టెయ్యకు తమ్ముడా."

అని, రోజూ పొద్దున్నే దాన్ని గుంట దాకా పరిగెత్తించేది. ఆమె తవ్వుతుంటే చుక్క గట్టు మీద తిరిగేది. మట్టిపెళ్ళ కదిలితే మొరిగేది. అలిసి ఇంటికొస్తే కుండలు కాల్చే ఆవం పక్కన ముడుచుకునేది. చెన్నప్ప పిల్లలు దాని పొట్ట మీద తలపెట్టి నిద్రపోయేవాళ్ళు. వదినకి ముసలితనంలో వేట పట్టుబడిందని చెన్నప్ప పెళ్ళాం, ఈరమ్మకు మరదలు, నవ్వేది.

ఆ మాఘంలో ఈరమ్మకు జ్వరం వచ్చింది. చుక్కకు పరుగు లేదు. వాకిట్లో అయిరేణి కుండలు ఆరుతున్నాయి. పెళ్ళిలో పూజలందుకునే కుండలవి. ఒక తొండ కనబడింది. చుక్క ఉరికింది. ఒక్కటీ మిగల్లేదు.

చెన్నప్ప తాడు తీసి చుక్కను పట్టుకున్నాడు. దాన్ని గుంజకు కట్టేశాడు. ఈసారి ఈరమ్మకు ఆ మాట అనడానికి నోరు రాలేదు. గంప ఎత్తుకుని, జ్వరంతోనే ఒంటరిగా మట్టికి పోయింది. ఎవరూ వద్దనలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. చుక్క ఉన్నట్టుండి ఏడ్చింది. పరుగు కోసంలే అన్నాడు చెన్నప్ప. మళ్ళీ ఏడ్చింది. కూటి కోసంలే అని మరదలు ముద్ద పెట్టింది. మూతి ఆనించలేదు. మూడోసారి ఏడ్చి, నోట నెత్తురు కారేలా తాడు కొరికింది. అప్పుడు మరదలు దారి వైపు చూసింది.

"వదిన ఇంకా రాలేదేమయ్యా?"

తాడు విప్పారు. చుక్క ఉడతను చూడలేదు, కాకిని చూడలేదు, తిన్నగా గుంటకు పోయింది. గట్టు విరిగి పడి ఉంది. అది కాళ్ళతో తవ్వింది, చెన్నప్ప చేతులతో తవ్వాడు. ముందు ఈరమ్మ చెయ్యి బయటపడింది. గుప్పిట్లో రాయీ రప్పా లేకుండా ఏరిన మట్టిముద్ద ఉంది. ఒంట్లో జ్వరపు వేడి ఇంకా పోలేదు. ప్రాణం పోయింది.

ఇప్పటికీ మావాళ్ళు ఒంటరిగా మట్టికి పోరు. గంప నిండాక ఒక ముద్ద గట్టున పెట్టి, దణ్ణం పెట్టుకుని వస్తారు. అది ఈరమ్మ ముద్ద. కట్టేసిన కుక్క ఏడిస్తే, "ఈరమ్మ పిలుస్తోంది, విప్పండమ్మా" అంటారు.

ఈరమ్మ పోయిన మర్నాడు పొద్దున మా ఇంట్లో కుండలు చేసే సారె తిరగలేదట. మరదలు దీపం పెట్టింది. చెన్నప్ప ఆ తాడును ఆవంలో పడేసి, చుక్కతో పాటు గుంట దాకా పరిగెత్తాడు. అది మాత్రం మాటిమాటికీ ఆగి, ఆయన వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసిందట.