వంటింటి గోడ మీద బొగ్గు రాత

పూర్వం గువ్వలకోనలో రంగపతి అనే దొర ఉండేవాడు. కచేరీలో ఆయన మాట వెన్నపూస. ఇంట్లో ఆయన గొంతు లేస్తే గోడ మీది బల్లి కూడా చప్పుడు చేసేది కాదు.

ఒకనాడు ఆయన రాళ్లు చెక్కే సిద్దప్పను పిలిపించాడు.

"'రంగపతి దొర శాంతమూర్తి, కోపమన్నదే ఎరుగడు' అని చెక్కి ఊరి మొదట్లో నిలబెట్టు. కాదన్నావో, రేపటికి నువ్వు ఊళ్లో ఉండవు."

సిద్దప్ప పెళ్లాం దొర ఇంట్లోనే అంట్లు తోమేది. దొర శాంతమెంతో ఆమె నుదుటి గాయమే చెబుతుంది. ఇల్లూ వాకిలీ పోయినా సరే, ఈ అబద్ధానికి నా ఉలి తగలనివ్వను అనుకున్నాడు సిద్దప్ప.

"అలాగే దొరా. కానీ రాతి మీద తప్పు పడితే చెరగదు. అందుకే ముందు బొగ్గుతో రాసి, సంగతి తెలిసినవాళ్లకు చూపించాకే ఉలి పట్టుకుంటాం. మీ సంగతి మీ ఇంట్లోవాళ్లకంటే ఎవరికి తెలుసు?"

దొర మురిసిపోయాడు. సిద్దప్ప వంటింటి సున్నపు గోడ మీద ఆ మాటలు రాసి, పెరట్లో కూర్చున్నాడు.

మధ్యాహ్నం దొర భోజనానికి కూర్చున్నాడు. చూపు ఆనని ముసలితల్లి అడిగితే, దొరసాని ఆ రాత చదివి వినిపించింది.

"మనవాడి పేరే! ఏ ఊరి దొరే అమ్మాయ్ ఆయన?" అంది ముసలమ్మ.

వంటమనిషి కిసుక్కున నవ్వింది. దొర మజ్జిగ చెంబెత్తి గోడకేసి విసిరికొట్టాడు. మజ్జిగతోపాటు అక్షరాలన్నీ కారిపోయాయి.

సిద్దప్ప గుమ్మంలోకి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"తప్పు మీరే దిద్దారు దొరా. ఇప్పుడు గోడ మీద ఎంత మిగిలిందో, అంతే చెక్కుతాను."