పచ్చని చెట్టును కొట్టించిన సెలవమ్మ తల్లి

మోడుపల్లెకు తొలిసారి వచ్చే భక్తులు బస్సు దిగగానే నవ్వుకుంటారు. ఊరి నిండా నేరేళ్ళు, నీడ పడని వాకిలి లేదు. పేరు చూస్తే మోడుపల్లె. నవ్వడం అయ్యాక పడమటి వీధి చివరిదాకా నడవండి. అక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నడుమెత్తు నేరేడు మోడు ఒకటి ఉంది. దానికి పసుపు, కుంకుమ, వెండి కళ్ళు, నేరేడుపండు రసం పూసిన ఊదా పెదవులు. ఆమే సెలవమ్మ తల్లి. సొంత పెరట్లో చెట్టు కొట్టుకోవాలన్నా సెలవు అడగవలసిన వాళ్ళంతా ముందు ఈమె దగ్గరికే వస్తారు.

పూర్వం ఈ ఊరికి వేరే పేరుండేది. మూడేళ్ళు వరుసగా వానలు లేక, జనం ఉన్న చెట్లన్నీ నరికి బొగ్గు చేసుకుని, చివరికి నీడకు మొహం వాచిపోయారట. అప్పుడు పెద్దలు ఒక కట్టడి చేశారు. సొంత పెరడైనా సరే, పెత్తందారు సెలవు లేనిదే చెట్టు మీద గొడ్డలి పడరాదు. ఒకటి కొట్టాలనుకుంటే ముందు రెండు నాటాలి, అవి మోకాలెత్తు ఎదిగాకనే సెలవు అడగాలి. కట్టడి మంచిదే. దానివల్లనే ఊరు మళ్ళీ పచ్చబడింది. దాన్ని కాపాడేవాళ్ళ కళ్ళు ఎంత మంచివో తర్వాత తేలింది.

ఆ రోజుల్లో కదిరమ్మ అనే విధవరాలికి ఈ చోటనే ఒంటిగది ఇల్లుండేది. ఇంటికీ వీధికీ నడుమ పెద్ద నేరేడు. వీధివైపు నుంచి చూస్తే నిగనిగలాడే పచ్చదనం. ఇంటివైపు మాత్రం మానులో మోచేతిదాకా చెయ్యి దూరేంత చీలిక. లోపలంతా చెదలు తినేసింది. నేరేడు కొమ్మ పెళుసని పిల్లలకు కూడా తెలుసు. ఆ ఏడు కాపు విరగకాసి బరువంతా ఇంటి కప్పు మీదికి ఒరిగింది. ఆ కప్పు కింద నెలలు నిండిన ఆమె కూతురు నాంచారి పడుకుని ఉంది.

కదిరమ్మకు అన్నం సయించేది కాదు. గాలి వీస్తే చాలు, చేతిలో పని వదిలేసి పైకి చూసేది. కొమ్మ కిర్రుమంటే కూతురి దగ్గరికి పరుగెత్తేది. బిడ్డను మరో ఇంటికి మార్చుదామని నాలుగు గడపలు తొక్కింది. పురుడంటే మైల అని నాలుగు తలుపులూ మూసుకున్నాయి. ఆ తలుపుల వెనక ఉన్నవాళ్ళు ఏ మైలా లేకుండా ఎట్లా పుట్టారో వాళ్ళకే తెలియాలి.

కదిరమ్మ సెలవు అడగగా, పెత్తందారు చెన్నప్ప ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని చెట్టు చూడడానికి వచ్చాడు. పురిటి ఇల్లని వాకిలి దాటలేదు. వీధిలోంచే మెడ ఎత్తి చూశాడు.

"నిండు కాపు మీదున్న చెట్టు. దీన్ని కొట్టేదానికి చేతులెట్లా వస్తాయి కదిరమ్మా?"

"లోపలికొచ్చి ఈ పక్క చూడప్పా. మాను డొల్ల."

"పురిటింట్లోకి మేమొస్తామా? ఈడ నుంచి కనపడలేదా ఏమి?"

"నీకు కనపడేది ఆకులు. నా బిడ్డ నెత్తిన ఉండేది మాను. రెండు మొక్కలు పెంచినాను, మోకాలు దాటినాయి. ఇంకేం చెయ్యమంటావు?"

"పచ్చని చెట్టుకు సెలవు లేదు. ఎండినాక రా, పో."

అది ఎండేదాకా ఆషాఢపు గాలి ఆగుతుందా? మూడో రోజు పొద్దున నాంచారికి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని లోపల ఉంది. మిట్టమధ్యాహ్నం కదిరమ్మ, చెట్టును తానే ఆపుతున్నట్టు మానుకు వీపు ఆనించి, అలసటతో ఒక కునుకు తీసింది. ఆ కునుకులో, పండ్లు తిని ఊదాగా మారిన పెదవులతో ఒక స్త్రీ ఎదుట నిలిచింది.

"నా కడుపు డొల్లయింది కదిరీ. ఇంక నిలబడలేను. నీకు నేనిస్తున్నా సెలవు. కాదన్నవాణ్ణి నా కింద కూర్చోబెట్టు. నువ్వు నాటిన రెంటిలో ఒకదానికి వాడే నీళ్ళు పొయ్యాలి."

కదిరమ్మ లేచి, ఇంట్లో పీట తెచ్చి, కప్పు మీదికి ఒరిగిన కొమ్మ కింద వేసింది. తిన్నగా చెన్నప్ప ఇంటికి పోయి నిలబడింది. ఆయన భోజనం మధ్యలో ఉన్నాడు.

"నువ్వు కాదన్న చెట్టు కింద పీట వేసినా. పొద్దు గుంకేదాకా కూర్చో. ఏమీ కాకుంటే ఇంక నీ గడప తొక్కను."

"నీకేమన్నా మతి పోయిందా?"

"మతి నా దగ్గరే ఉంది. నీ ధైర్యం యాడుందో చూద్దామని వచ్చినా."

అప్పటికే గుమిగూడినవాళ్ళలో ఎవరో, "భయమైతే వద్దులే మామా!" అన్నారు. పౌరుషానికి పోయి చెన్నప్ప చెయ్యి కడుక్కుని బయలుదేరాడు. మైల మాట ఆయనకు ఆ క్షణాన గుర్తురాలేదు.

కాసేపు మీసం దువ్వుతూ కూర్చున్నాడు. తర్వాత గాలి లేచింది. నెత్తి మీద కిర్రుమంది. భుజం మీద పసుపచ్చని చెక్కపొడి రాలింది. లోపల నాంచారి మూలిగింది. ఆయన సగం లేచాడు.

"కూర్చో అప్పా," అంది కదిరమ్మ. "పచ్చగుంది కదా."

చెన్నప్ప వెనక్కి తిరిగి మొదటిసారి చీలిక చూశాడు. చెయ్యి పెడితే మోచేతిదాకా పోయింది. వెనక్కి తీస్తే చెదలు పాకుతున్నాయి.

"గొడ్డళ్ళు తేండి! మోకులు తేండి!" అని కేక పెట్టాడు.

పై కొమ్మలకు మోకులు కట్టి వీధివైపు లాగారు. మొదటి మోకు చెన్నప్పే పట్టాడు. కదిరమ్మ గుమ్మంలో చేతులు చాచి నిలబడింది, ఆ చేతులతో మానును ఆపగలనన్నట్టు. సగం తెగాక చెట్టు ఒక్కసారి కప్పువైపు మొగ్గింది. కదిరమ్మ కళ్ళు మూసుకుంది. ఊరంతా మోకుల మీద పడి లాగింది. మాను వీధికడ్డంగా కూలి, నేల ఊదారంగయింది. ఆ దుమ్ము అణగకముందే లోపల పసిబిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. సెలవమ్మ అని పేరు పెట్టారు.

తెల్లవారి చూస్తే మోడు మీద రెండు కళ్ళ గుంటలు, కింద పండ్లరసంతో తడిసిన పెదవులు. తనకు సెలవిచ్చిన ముఖాన్ని కదిరమ్మ గుర్తుపట్టింది. ఆ మోడు పేరే ఊరి పేరయింది. చెన్నప్ప తన వంతు మొక్కకు అది కాపుకొచ్చేదాకా కడవతో నీళ్ళు మోశాడు.

ఇప్పుడు సెలవు కాగితం ఆఫీసులో ఇస్తారు. అయినా ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గొడ్డలి ఎత్తేముందు తాము నాటిన రెండు మొక్కల చిగుళ్ళు తెచ్చి అమ్మకు చూపిస్తారు. అమ్మ సన్నిధిలో ఉంచిన పీట తీసుకుపోయి చెట్టు కింద వేస్తారు. వద్దనేవారెవరైనా పొద్దు గుంకేదాకా దాని మీద కూర్చోవచ్చు. కూర్చున్నవారి మాట చెల్లుతుంది, చెట్టు నిలుస్తుంది. ఆ చెట్టుకు ఊతం పెట్టే భారం కూడా వారిదే. మధ్యలో లేచినవారు ఒక మొక్కకు నీళ్ళు పోయాలి.

ఈ సన్నిధిలో పూజారిణులు నాడు పుట్టిన బిడ్డ సెలవమ్మ వంశపు ఆడపడుచులే. నెలలు నిండినవారు, పచ్చి బాలింతలు ఎప్పుడైనా రావచ్చు. తొలి హారతి వారికే. ఇక్కడ మైల అన్న మాట పలకరాదు. ఈ తల్లిని నమ్మి దగ్గరగా చూసి నిర్ణయించేవారి ఇంట పురుడు సుఖంగా జరుగుతుందనీ, పుట్టిన బిడ్డ నెత్తిన కప్పు పదిలంగా ఉంటుందనీ పెద్దల మాట.