దస్తగిరి ఇచ్చిన గేరు లివర్

ఎవరైనా శిష్యుడు ప్రశ్న అడిగితే గుర్రప్ప మాస్టారు జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మదనపల్లె దగ్గర ఆయన నడిపే సైక్లింగ్ శిక్షణ శిబిరంలో ఈ సంగతి అందరికీ తెలుసు. అందుకే అక్కడ ఊరికే ప్రశ్నలు అడిగేవాళ్లు తక్కువ.

ఒక ఉదయం దస్తగిరి ఆయన ముందు నిలబడ్డాడు. అతను మాస్టారి దగ్గరే నేర్చుకుని, మట్టిబాటల పోటీల్లో రాష్ట్రస్థాయిలో గెలిచి, ఇప్పుడు అదే శిబిరంలో పిల్లలకు నేర్పుతున్నవాడు. మరునాడు హార్సిలీ కొండ ఘాట్ రోడ్డు మీద ఎంపిక పోటీ ఉంది. అమ్మాయిల్లో మొదట వచ్చినవారు ఒక్కరే రాష్ట్ర పోటీలకు వెళతారు. దస్తగిరి ఆశలన్నీ రెడ్డిరాణి మీదే పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి శిబిరంలో చేరిన కొత్తలో కొండ ఎక్కిన వేగం చూసి, తన పేరు నిలబెట్టే మనిషి దొరికిందని ఊరంతా చెప్పుకున్నాడు. దసరాకు ఆయుధపూజ నాడు, తాను పోటీల్లో తొక్కి గెలిచిన సైకిలు నుంచి గేరు లివర్ విప్పి, దానికి పసుపు కుంకుమ పెట్టించి, అందరి ఎదుటా తన చేత్తోనే ఆమె సైకిలుకు బిగించాడు. ఆ రోజంతా నేల మీద నడవలేదు. అప్పటి నుంచే రెడ్డిరాణి వెనకబడటం మొదలైంది.

"మాస్టారూ, నేను నేర్పేదాంట్లో లోపం లేదు. నేను గెలిచింది ఆ పద్ధతిలోనే. ఆ పిల్ల కాళ్లలోనూ బలం ఉంది. మరి కొండెక్కేటప్పుడు ఎందుకు చతికిలబడుతోంది?" అన్నాడు దస్తగిరి. తర్వాత అసలు మాట బయటపెట్టాడు. "రేపు నా శిష్యురాలు చివర వస్తే నేను తలెత్తుకోలేను. పోటీ నుంచి తప్పించేద్దామా?"

గుర్రప్ప మాస్టారు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టారు. "ఆ అమ్మాయి సైకిలుకు ముందు గేరు సరిగ్గా పడటం లేదంట. పోయి చూడు. తర్వాత మాట్లాడదాం."

దస్తగిరికి అది జవాబులా అనిపించలేదు. అయినా షెడ్డుకు వెళ్లి సైకిలును స్టాండుకు వేలాడదీశాడు. రెడ్డిరాణి పక్కన నిలబడి చేత్తో పెడలు తిప్పింది. పెడళ్ల దగ్గర రెండు పళ్లచక్రాలు ఉంటాయి, చిన్నదొకటి, పెద్దదొకటి. హ్యాండిల్ మీది లివర్ నొక్కితే కేబుల్ లాగుతుంది. కేబుల్ లాగితే చక్రాల పక్కనుండే డిరేలర్ అనే చిన్న పరికరం కదిలి చెయిన్‌ను ఒక చక్రం మీద నుంచి రెండో దాని మీదికి నెడుతుంది. ఇక్కడ చెయిన్ పెద్ద చక్రం మీదికి పోనని మొరాయిస్తోంది. పోయినా డిరేలర్‌కు రాసుకుంటూ గరగరమంటోంది.

"నొక్కేటప్పుడు నీ వేళ్లలో బలం చాలదు మే. ఎన్నిసార్లు చెప్పినా?" అన్నాడు దస్తగిరి.

"బొటనవేలు కాయ కాసింది సార్, చూడండి," అంటూ రెడ్డిరాణి వేలు చూపించింది.

అతను కేబుల్ బిగించాడు. పెద్ద చక్రం దగ్గర చప్పుడు పోయింది కానీ చిన్న చక్రం దగ్గర మొదలైంది. వదులు చేశాడు. చిన్న చక్రం దగ్గర కుదిరింది, పెద్ద చక్రం దగ్గర మళ్లీ మొరాయింపు. డిరేలర్‌కున్న మరలు తిప్పాడు. కొత్త కేబుల్ వేశాడు. డిరేలర్‌నే విప్పి కడిగి మళ్లీ బిగించాడు. ఎండ షెడ్డులోకి వచ్చింది. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. చెయిన్ మాత్రం దారికి రాలేదు.

"సార్, దానికి ఇంకోసారి కుంకుమ పెడదామా?" అంది రెడ్డిరాణి.

దస్తగిరి కళ్లెర్రజేసి చూశాడు. కానీ నవ్వు ఆపుకోలేకపోయాడు. "నోరు మూసుకుని పెడలు తిప్పు" అని మళ్లీ వంగాడు. ఈసారి మరలు ముట్టుకోలేదు. ఒక్కొక్క నొక్కుకూ లివర్ ఎంత కేబుల్ లాగుతోందో చూశాడు. చెయిన్ చక్రం మారడానికి డిరేలర్‌కు ఎంత కేబుల్ కావాలో చేత్తో లాగి చూశాడు. రెండూ ఒకటి కాదు. లివర్ మట్టిబాటల సైకిలుకు చేసింది, డిరేలర్ తారు రోడ్డు సైకిలుకు చేసింది. దేనికదే మేలైనది. ఒకటి ఇచ్చే కొలత వేరు, రెండోది అడిగే కొలత వేరు. ఎంత బిగించినా, ఎంత గట్టిగా నొక్కినా అవి కలవవు.

దస్తగిరి చేతిలోని పానా కింద పెట్టాడు. తర్వాత, "దీని పాత లివర్ ఉండాలి కదా, ఎక్కడ పడేశాం?" అన్నాడు.

రెడ్డిరాణి తన సంచీలోంచి తీసి ఇచ్చింది. నలిగిన నల్ల లివర్. చూడటానికి ఏమీ గొప్పగా లేదు.

"నీ దగ్గరే ఉందా? మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"అందరి ముందు పూజ చేసి ఇస్తిరి కదా సార్. వద్దని ఎట్లా అంటాను? మీరిచ్చింది మంచిదే. నా సైకిలుది కాదు, అంతే."

అతను తన లివర్ విప్పి, గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. పాతది బిగించాడు. రెడ్డిరాణి బొటనవేలితో అలవోకగా నొక్కింది. చెయిన్ టక్కున పెద్ద చక్రం మీదికి ఎక్కింది. ఇంకో నొక్కుకు చిన్నదాని మీదికి దిగింది. ఎక్కడా గరగర లేదు. ఆ అమ్మాయి ఆటలాగా మళ్లీ మళ్లీ మార్చి చూసుకుంది. దస్తగిరి ఆ వేలినే చూస్తూ ఉన్నాడు.

"నా దగ్గరికి రాకముందు కొండ ఎట్లా ఎక్కేదానివి?" అని అడిగాడు ఉన్నట్టుండి.

"కూర్చోనే సార్. చిన్న గేరులో కాళ్లు గబగబా తిప్పుకుంటా పోయేదాన్ని."

"మరి మానేశావెందుకు?"

"లేచి నిలబడి, పెద్ద గేరులో తొక్కమంటిరి కదా."

దస్తగిరి సైకిలును స్టాండు మీద నుంచి దించాడు. "రేపు నీకు తెలిసినట్టే తొక్కు," అన్నాడు.

మరునాడు అతను జీపులో వెనకాలే వెళ్లాడు. మొదటి మలుపులోనే ఇద్దరమ్మాయిలు లేచి నిలబడి, సైకిళ్లు అటూ ఇటూ ఊపుతూ రెడ్డిరాణిని దాటేశారు. 'లేచి తొక్కు మే' అన్న కేక అతని గొంతుదాకా వచ్చింది. జీపు కడ్డీని గట్టిగా పట్టుకుని ఆ కేకను మింగేశాడు. రెడ్డిరాణి కూర్చునే ఉంది. వీపు కదలడం లేదు, కాళ్లు మాత్రం తిరుగుతున్నాయి. పై మలుపుల్లో ముందున్నవాళ్లిద్దరూ అలసి సీట్ల మీద కూలబడ్డారు. ఆమె ఒకరి తర్వాత ఒకరిని దాటింది. కొండ మీద రోడ్డు కాస్త సమంగా ఉన్న చోట టక్కుమని ఒక్క చప్పుడు వినిపించింది. పెద్ద గేరు పడింది. ఆ తర్వాత ఆమెను అందుకున్నవారు లేరు.

పైన జనం దస్తగిరిని చుట్టుముట్టి, అంతా నీ శిక్షణేనని భుజం తట్టారు. అతను కాదనలేదు. అప్పుడు అతని ముఖంలో ఉన్న గర్వం ఆయుధపూజ నాటిది కాదు. ఆనాడు అతను జనాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఈరోజు నీళ్ల సీసా ఎత్తి తల మీద గుమ్మరించుకుంటున్న ఆ పిల్లనే చూస్తూ నిలబడ్డాడు.

గుర్రప్ప మాస్టారు రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని ఉన్నారు. దస్తగిరి వెళ్లి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాడు.

"నా ప్రశ్నకు జవాబు దొరికింది మాస్టారూ. ఇక మీదట మన పిల్లలందరికీ ఇట్లే నేర్పిస్తా. కూర్చుని, చిన్న గేరులో తొక్కడం."

మాస్టారు అతన్ని పక్కన కూర్చోమని సైగ చేశారు.

"అట్లనే. మరి రేపు అచ్చం నీ మాదిరి తొక్కే పిల్ల ఒకతి వస్తే?"