భుజంగరావు దొర తెచ్చుకున్న సాక్షి

నా మీసం మీద ఒట్టు, అంత దుర్మార్గం ముల్లోకాల్లో ఎక్కడా జరిగి ఉండదు. రూతమ్మ అనే విధవరాలి మొగుడు రెండేళ్ళు గునపం పట్టి రాతినేలలో తవ్వుకున్న బావిని భుజంగరావు దొర తనదన్నాడు. సిగ్గన్నా ఉండొద్దూ!

చెప్పులు కుట్టే జక్కయ్య అబద్ధమాడడని ఊరంతా నమ్మకం. దొర అతణ్ణే పిలిపించాడు.

"బావి మా తాత తవ్వించాడని తాసీల్దారుకు చెప్పు."

"అబద్ధం పాపం దొరా. మా దేవుడి ఆజ్ఞ."

"ఓరి వెర్రోడా! ఆదివారం చర్చిలో ఒప్పుకుంటే మీ దేవుడు క్షమిస్తాడటగా? చెప్పకపోతే నీ గుడిసె పీకిస్తా."

విచారణ నాడు నేనా బావి దగ్గరే ఉన్నాను. ఏడూళ్ళ జనం విరగబడితే కాకులకు కూడా వాలే చోటు దొరకలేదు. రూతమ్మ ఖాళీ బిందె పట్టుకుని ముందు వరసలో నిలబడింది.

జక్కయ్య చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, దొరగారు చెప్పమన్నది చెప్పడానికే వచ్చాను. కానీ ఆదివారం చర్చిలో లేచి, ఆడిన అబద్ధమేదో, ఆడించిందెవరో అందరి ముందూ ఒప్పుకుంటాను. ఒప్పుకుంటే క్షమాపణ దొరుకుతుందని దొరగారే సెలవిచ్చారు. తమరు ఈ రోజు మాట రాసుకుంటారా, ఆదివారం దాకా ఆగుతారా?"

దొర ఆకాశం బద్దలయ్యేలా అరిచాడు: "వీడు వట్టి అబద్ధాలకోరు!"

తాసీల్దారు కలం కింద పెట్టాడు. "ఈయన నోట అబద్ధం రాదని మీరేగా సాక్షిగా తెచ్చారు?"

రూతమ్మ ఎవరినీ అడక్కుండా వెళ్ళి బావిలోకి చేద వదిలింది.