బావిలో పడిన బొక్కెన

మౌలాలి నల్లమందు మానేశాడని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. తెలియనివాళ్ళకు అతనే చెప్పేవాడు.

ఒకప్పుడు బండి తోలేవాడు. నల్లమందుకు ఎద్దులు పోయాయి, బండి పోయింది, చివరికి భార్య కూడా పుట్టింటికి వెళ్ళిపోయింది. అప్పుడు కొండకింద దర్గాలో ఉండే గురువు జమాల్ షా దగ్గరికి వచ్చి పడ్డాడు. ఒళ్ళు విరిచేసే నొప్పులతో, వాంతులతో అతను దొర్లుతుంటే గురువు పక్కనే కూర్చుని గంజి తాగించాడు. మెల్లగా మనిషి లేచి తిరిగాడు. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి అందరికీ బావిలోంచి నీళ్ళు తోడిపెట్టే పని తీసుకున్నాడు.

పని బాగానే చేసేవాడు. కానీ నల్లమందు అలవాటు ఉన్నవాడెవడైనా దర్గాకు వస్తే చాలు, బావిగట్టు మీద కూర్చోబెట్టి, మనసు గట్టిదైతే మందెంత, నన్ను చూడు అని మొదలుపెట్టేవాడు. ఒక మత్తు దిగి ఇంకోటి ఎక్కిందని గురువుకు తెలుసు.

ఆ ఏడు పక్క ఊరి ఉరుసుకు వెళ్ళాడు. పాత బండివాళ్ళు కలిశారు. నువ్వు గట్టోడివి, నీకేమవుతుందిలే అంటూ తమలపాకులో శనగగింజంత పెట్టి ఇచ్చారు. నిజమే, నాకేమవుతుంది అనుకున్నాడు మౌలాలి. ఉరుసు అయిపోయేదాకా తింటూనే ఉన్నాడు.

తిరిగొచ్చి గురువు ముందు నిలబడ్డాడు. తల ఎత్తలేకపోయాడు. జరిగింది దాచకుండా చెప్పాడు. ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయిందని, తనలాంటివాడు ఇక్కడ ఉండటమే తప్పని, వెళ్ళిపోతానని అన్నాడు. ఎక్కడికని గురువు అడిగాడు. ఆ బండివాళ్ళ దగ్గరికే, వాళ్ళు తప్ప తనకింకెవరున్నారన్నాడు. అప్పటికే మూట కట్టుకుని ఉన్నాడు.

జమాల్ షా లేచి బావి దగ్గరికి నడిచాడు. బొక్కెనకున్న ముడి విప్పి, దాన్ని బావిలోకి వదిలేశాడు. అది బుడుంగుమని మునిగింది.

"ఇప్పుడు నీళ్ళెట్లా తోడేది బాబా?" అన్నాడు మౌలాలి బిత్తరపోయి.

"నాకేం తెలుసు? అది నీ పని కదా."

బావిలో పడ్డవాటిని పైకి లాగే కొక్కేల గుత్తి, పాతాళగరిగె, కమ్మరి రంగమ్మ ఇంట్లో ఉంది. దాన్ని ఎవరడిగినా ఏదో ఒక పాత్ర తాకట్టు పెట్టుకునే ఇవ్వడం ఊళ్ళో ఆనవాయితీ. మౌలాలి అక్కడికెళ్ళి, మూట విప్పి ప్రయాణానికని పెట్టుకున్న చెంబు ఇచ్చాడు. రంగమ్మ అతని మొహం చూసి నవ్వింది. బొక్కెన పడితే ఇంతలా దిగులుపడేవాణ్ణి ఎక్కడా చూడలేదంది.

బావిగట్టు మీద వంగి, తాడు అటూ ఇటూ ఆడిస్తూ చాలాసేపు వెతికాడు. అడుగున తగిలినట్టే తగిలి జారిపోయేది. విసుక్కోలేదు. చివరికి కొక్కెం పట్టింది. బొక్కెన బురద కార్చుకుంటూ పైకి వచ్చింది. దాన్ని కడిగి గట్టు మీద పెట్టాడు.

"ఇది బావిలో పడిన బొక్కెన," అన్నాడు గురువు. "దీన్నేం చేద్దాం?"

"ఏం చేసేదేముంది బాబా? తాడు కట్టి నీళ్ళు తోడతాం."

"మళ్ళీ పడితే?"

"మళ్ళీ తీస్తాం. ఈ తూరి ముడి చూసుకుని..."

మౌలాలి బొక్కెన వైపు చూస్తూ ఉండిపోయాడు. ఉరుసు నుంచి వచ్చాక మొదటిసారి అతని గుండె తేలికపడింది.

జమాల్ షా నీళ్ళు పొయ్యమన్నట్టు చేతులు చాచాడు.

"అయితే కట్టు నాయనా. నమాజుకు వేళవుతోంది."